దరఖాస్తుల రద్దీకి ముందే ప్లగిన్ వెర్షన్ చూసుకోండి

మొన్న మిర్యాలగూడలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో విండోస్ బదులు లినక్స్ నడిచే కంప్యూటర్ మీద ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది’ అని ఒక పేజీ చూపించింది. కుర్రాడు బటన్ నొక్కాడు. వచ్చి కూర్చున్నది ఒక దొంగ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం. ఆ రోజు అక్కడ లాగిన్ అయిన పిల్లల దోస్త్ (డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్) పిన్‌లు, మెయిల్ పాస్‌వర్డ్‌లు అన్నీ మార్పించాల్సి వచ్చింది.

ఒకప్పుడు వెబ్ పేజీల్లో వీడియోలు, ఆటలు నడిపిన ప్లగిన్ ఫ్లాష్. దాన్ని అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తోనే ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 85 నుంచి అది నడవదు. ఆగిపోయిన దానికి కొత్త వెర్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

నేను చూసినంతలో జనాన్ని ముంచుతున్నది ఈ ఒక్క తప్పే: వెర్షన్ సంగతి పేజీ చెబితే నమ్మడం. అడగాల్సింది బ్రౌజర్‌ను, పేజీని కాదు. ‘లినక్స్‌కు వైరస్ రాదు’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ ఉండేది బ్రౌజర్ లోపల. అనుమతి ఇచ్చామంటే పేజీలో మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలదు.

ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కండి. ఎడమవైపు ఎక్స్‌టెన్షన్లు, ప్లగిన్లు వేర్వేరుగా ఉంటాయి; పేరు మీద నొక్కితే వెర్షన్ కనిపిస్తుంది. ప్లగిన్లలో ఓపెన్ హెచ్264, వైడ్‌వైన్ ఉంటే కంగారు పడకండి, వీడియోల కోసం బ్రౌజరే తెచ్చుకున్నవి అవి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, ఒక్కోదాని వివరాలు చూడండి.

టెర్మినల్లో (కమాండ్‌లు టైపు చేసే కిటికీ) ప్యాకేజీల జాబితా, అంటే సిస్టమ్‌లో వేసిన సాఫ్ట్‌వేర్ల జాబితా తీసి, అందులో లేదు కాబట్టి కంప్యూటర్లోనే లేదనుకోవద్దు. బ్రౌజర్ నుంచి వేసినవి హోం ఫోల్డర్లోని ప్రొఫైల్లో (బ్రౌజర్ మన సెట్టింగ్‌లు దాచుకునే ఫోల్డర్) ఉంటాయి, ఆ జాబితాకు ఎక్కవు. ఉబుంటు అనే లినక్స్ 22.04 వెర్షన్లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా, అంటే విడిగా కట్టిన ప్యాకేజీగా వస్తుంది, దాని ప్రొఫైల్ ఇంకో చోట. రెండు ఫైర్‌ఫాక్స్‌లుంటే రెండూ తెరిచి చూడాల్సిందే.

పేరు చూసి ఊరుకోవద్దు, అంకెలు చూడండి. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ క్రోమ్ ఎక్స్‌టెన్షన్నే దొంగలు చేజిక్కించుకుని 24.10.4 వెర్షన్‌ను వదిలారు. 24.10.5 మంచిది. పేరు అదే, తేడా చివరి అంకెలోనే.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలు కాకముందే ప్రతి యూజర్ ఖాతాలోనూ విడిగా చూడండి. ఎవరు వేశారో తెలియనిది తీసేయండి. ఉన్నవాటి వెర్షన్లు కాగితం మీద రాసి పెట్టుకోండి, మారితే తెలుస్తుంది. పిల్లల పిన్‌లు బ్రౌజర్లో దాచవద్దు. పేజీ ఇచ్చిన కమాండ్‌ను టెర్మినల్లో అతికించవద్దు, అందులో సూడో (కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) ఉంటే అసలే వద్దు. బయట ఎంత వరుస ఉన్నా పేజీ చెప్పిన వెర్షన్ నమ్మవద్దు. ఇప్పటికే నొక్కి ఉంటే ఎక్స్‌టెన్షన్ తీసేసి, ఆ రోజు వచ్చిన వాళ్లందరికీ ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ వేరే కంప్యూటర్ నుంచి మార్చుకోమనండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.