క్రెడిట్ దెబ్బతిన్నాక డల్లాస్‌లో అపార్ట్‌మెంట్ వెతుక్కోవడం

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో అపార్ట్‌మెంట్‌కి అప్లై చేస్తే 'డినైడ్' అని మెయిల్ వచ్చిందా? క్రెడిట్ స్కోరు, అంటే అప్పులూ బిల్లులూ ఎలా కట్టారో చూసి ఇచ్చే అంకె, తక్కువ కాబట్టే అని వెంటనే అనుకోకండి. స్కోరు లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి ఆరు నెలలు ఫైకో అనే క్రెడిట్ స్కోరే ఉండదు. వాళ్ళకి ఉద్యోగం ఆఫర్ లెటరో, స్టూడెంట్‌కి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితమో, బ్యాంకు స్టేట్‌మెంటు, కాస్త ఎక్కువ డిపాజిట్ ఉంటే చాలాచోట్ల పనైపోతుంది. చిక్కంతా రెండో రకం వాళ్ళకే.

నేను చూసినంతలో మన స్టూడెంట్స్‌ని ముంచేది క్రెడిట్ కార్డుల కన్నా మొదటి అపార్ట్‌మెంటే. నలుగురు కలిసి లీజు తీసుకుంటారు. ఒకడికి షార్లెట్‌లో ఉద్యోగం వస్తుంది, ఇంకొకడు న్యూజెర్సీ వెళ్ళిపోతాడు. చివరికి మిగిలినవాడు తాళాలు ఆఫీసు డ్రాప్‌బాక్స్‌లో పడేసి తనూ బయల్దేరతాడు. 'నా వాటా నేను కట్టేశాను' అంటే కుదరదు. మామూలుగా ఈ లీజుల్లో సంతకం పెట్టిన ప్రతివాడూ మొత్తం అద్దెకి బాధ్యుడే. బాకీ కలెక్షన్స్‌కి, అంటే వసూలు చేసే ఏజెన్సీకి వెళ్ళిందంటే, ఏడేళ్ళ దాకా క్రెడిట్ రిపోర్టులో ఉండిపోవచ్చు.

లీజింగ్ ఆఫీసులు భయపడేది దీనికే. స్కోరు 600 లోపున్నా డిపాజిట్ పెంచి ఇల్లిచ్చేవాళ్ళు దొరుకుతారు. పాత అపార్ట్‌మెంట్‌కి బాకీ ఉందని తెలిస్తే మాత్రం మంచి స్కోరున్నా తలుపు తీయరు. అందుకని చేతిలో ఉన్న డబ్బు ముందు ఆ బాకీకే పెట్టండి.

యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడు రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. అందులో చూపించిన బాకీ మీది కాకపోతే డిస్ప్యూట్ పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. మీదే అయితే బేరమాడండి. తక్కువకి ఒప్పుకునే ఏజెన్సీలున్నాయి. ఒప్పుకున్న సంగతి రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు పంపండి, కట్టేశాక బాకీ ఏమీ లేదని లెటర్ తీసుకోండి. కొత్త అప్లికేషన్‌కి జత చేయాల్సింది ఆ లెటరే. స్కోరు పెంచుతామంటూ ముందే డబ్బడిగే క్రెడిట్ రిపేర్ కంపెనీల జోలికి పోకండి. పని చేయకముందే ఫీజు తీసుకోవడాన్ని ఫెడరల్ చట్టమే ఒప్పుకోదు.

ఇక అప్లై చేయడం. టెక్సస్‌లో అప్లికేషన్ ఫీజుకి పరిమితి లేదు, కట్టింది సాధారణంగా తిరిగి రాదు. కనబడిన ప్రతిచోటా అప్లై చేస్తే జేబు ఖాళీ. ఫీజు కట్టకముందే 'సెలక్షన్ క్రైటీరియా' కాగితం అడగండి. టెక్సస్ చట్టం ప్రకారం అప్లికేషన్‌తో పాటు అది ఇవ్వాల్సిందే. జీతం అద్దెకి మూడింతలుండాలా, రెంటల్ హిస్టరీ, క్రెడిట్ ఎలా చూస్తారు అన్నవి అందులో ఉంటాయి. తర్వాత ఫోన్ చేసి, పేరు చెప్పకుండా మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పి, అప్రూవ్ అవుతుందో లేదో అడగండి. రిపోర్టు చూసి కాదంటే అది ఏ కంపెనీ రిపోర్టో వాళ్ళు చెప్పాలి. 60 రోజుల్లోపు అడిగితే ఆ కాపీ మీకు ఉచితం.

ఇంత తిరిగే ఓపిక లేకపోతే అపార్ట్‌మెంట్ లొకేటర్‌ని, అంటే ఇల్లు వెతికిపెట్టే ఏజెంటుని, పట్టుకోండి. వాళ్ళ కమిషన్ మామూలుగా అపార్ట్‌మెంట్ వాళ్ళే ఇస్తారు. క్రెడిట్ విషయంలో ఎవరు పట్టు విడుస్తారో వాళ్ళకి బాగా తెలుసు.

డిపాజిట్ ఎంత అడగాలన్నదానికి టెక్సస్‌లో పరిమితి లేదు. న్యూజెర్సీలో అయితే నెలన్నర అద్దె దాటకూడదు. డిపాజిట్ బదులు నెలనెలా చిన్న ఫీజు కట్టమంటే ఆశపడకండి. ఆ ఫీజు తిరిగి రాదు, పైగా ఇంటికి నష్టం జరిగితే మళ్ళీ మీ దగ్గరే వసూలు చేస్తారు.

బాబాయి గారినో అన్నయ్యనో కో-సైన్ చేయమనే ముందు, మీరు కట్టకపోతే వాళ్ళ మీద పడుతుందని విడమర్చి చెప్పండి. 'ఊరికే సంతకం' అంటూ మొహమాటపెట్టకండి.

మనవాళ్ళ టౌన్‌హోములు కూడా చూడండి. చాలామంది క్రెడిట్ అడగరు, ఉద్యోగం ఉందా, ఊరేది అని అడుగుతారు. అయినా 'మనవాళ్ళే కదా' అని నోటిమాట మీద దిగిపోవద్దు. లీజు రాయించుకోండి, జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపినప్పుడు ఏ నెల అద్దెదో మెమోలో రాయండి. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి, ఇల్లు చూపించకుండానే డిపాజిట్ పంపమనేవాళ్ళకి పైసా పంపకండి.

ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి వెళ్ళండి. అది ఇవ్వందే 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలన్న టెక్సస్ నిబంధనని మీరు గట్టిగా వాడుకోలేరు.