అడవి పక్కన ఇళ్లు కడుతున్నారా? ముందు స్కేలు తీయండి

ఇంగ్లండ్‌లో మా ఇంటి వెనక చిన్న అడవి ఉంది. దాన్ని ఆనుకున్న పొలంలో ఇళ్లు కడతామని దరఖాస్తు పడినప్పుడు నేను పంపిన మొదటి అభ్యంతరం నిండా ఆవేశమే. దాన్నెవరూ పట్టించుకోలేదు. రెండోది కొలతలతో రాశాను.

ముందు అడవి వయసు చూడండి. 1600 నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉన్న నేలను ఇక్కడ ఏన్షెంట్ ఉడ్‌ల్యాండ్ అంటారు. చెట్లు అంత పాతవి కానక్కర్లేదు, పాతది నేల. ప్రభుత్వం వారి ఆన్‌లైన్ పటం 'మ్యాజిక్ మ్యాప్‌'లో ఇలాంటి అడవుల జాబితా ఉంటుంది. రెండు హెక్టార్లలోపు తోపులు చాలావరకు మొదటి జాబితాకి ఎక్కలేదు, కాబట్టి కనబడలేదని డీలా పడకండి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి పాత అడవికి గుర్తులైన బ్లూబెల్స్, వుడ్ ఎనిమోన్, డాగ్స్ మెర్క్యురీ అనే మొక్కలు కలిసి పెరుగుతున్నాయేమో చూసి, ఫొటో తీసి, తేదీ రాసుకోండి. బాట మాత్రం దిగొద్దు. బ్లూబెల్ ఆకులు నలిగితే దుంపకి తిండి అందదు.

అసలు పని ప్లాన్ మీద ఉంటుంది. అడవి అంచు నుంచి కనీసం 15 మీటర్లు ఖాళీ వదలాలని ప్రకృతి, అడవుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థలు నేచురల్ ఇంగ్లండ్, ఫారెస్ట్రీ కమిషన్ల సలహా. 1:500 డ్రాయింగ్ మీద (ఒక సెంటీమీటరంటే ఐదు మీటర్లు) అది మూడు సెంటీమీటర్లు. మా అబ్బాయి స్కూల్ స్కేలు పెట్టి చూస్తే రెండే వచ్చింది. పైగా ఆ రెండులో పెరటి తోటలు గీశారు! ఆ ఖాళీలో తోటలు కూడా ఉండకూడదు. పెరడు అడవిని ఆనుకుంటే గడ్డి చెత్త, పిల్లులు, రాత్రంతా వెలిగే లైట్లు అన్నీ లోపలికి వచ్చేస్తాయి.

విడిగా ముసలి చెట్టుంటే లెక్క వేరు. మాను చుట్టూ టేపు చుట్టి, వచ్చినదాన్ని 3.14తో భాగించి, 15తో హెచ్చవేయండి. మా ఓక్ చుట్టుకొలత 4.4 మీటర్లు, అంటే దాదాపు 21 మీటర్లు వదలాలి. కొమ్మల అంచు దాటి ఐదు మీటర్లు అనే లెక్క ఇంకా ఎక్కువొస్తే అదే తీసుకోవాలి.

"బదులుగా కొత్త మొక్కలు నాటుతాం" అంటారు బిల్డర్లు. వందల ఏళ్ల మట్టిని ఏ నర్సరీ అమ్ముతుంది? జాతీయ ప్లానింగ్ విధానం ప్రకారం, పూర్తిగా అసాధారణమైన కారణం ఉంటే తప్ప ఇలాంటి అడవికి నష్టం చేసే ప్రాజెక్టును తిరస్కరించాలి. ఆ మాట మీ లేఖలో తప్పకుండా రాయండి. అభ్యంతరం పంపడానికి గడువు సాధారణంగా 21 రోజులే, చివరి రోజు దాకా ఆగితే టెన్షన్.

అనుమతి వచ్చేసినా పని అయిపోలేదు. యంత్రాలు రాకముందే ఆ ఖాళీ చుట్టూ కంచె పడాలి. వేళ్లలో ఎక్కువభాగం పైన 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, బరువైన బండి తొక్కితే ఆ మట్టి బిగుసుకుపోయి వేళ్లకి గాలి ఆడదు. మా దగ్గర ఓ సోమవారం కంచె లోపల ఇటుకల గుట్ట కనిపించింది. ఫొటో తీసి, అనుమతి షరతులు పాటిస్తున్నారో లేదో చూసే స్థానిక కౌన్సిల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి పంపాను. బుధవారానికి గుట్ట బయటికి పోయింది.