సీజీఎల్‌కి అప్లై చేసే ముందు: డిగ్రీ చదివిన ఆదివాసీ పిల్లలకు జాగ్రత్తలు

సీజీఎల్ అంటే డిగ్రీ చదివినవాళ్లకు కేంద్ర ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష. ఈ ఉద్యోగాల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉన్నాయి. ఫీజు కూడా లేదు. అయినా మన పిల్లలు చాలామంది పరీక్షలో కాదు, కాగితాల దగ్గరే దెబ్బతింటున్నారు.

• ముందు కుల ధ్రువీకరణ పత్రం. కేంద్రం అడిగే నమూనాలోనే ఉండాలి. కొన్ని తెగలకు తహసీల్దారు కాదు, ఆర్డీఓ ఇవ్వాలి. మీకు ఎవరివ్వాలో ఇప్పుడే కనుక్కోండి. నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

• పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. నా విషయంలో నాన్న పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. అది సరిచేయించడానికి ఎన్నిసార్లు బస్సెక్కానో లెక్కలేదు. అప్లికేషన్‌లో మాత్రం టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయండి.

• ఫొటో. 2024 నుంచి అప్లికేషన్ నింపేటప్పుడే లైవ్‌గా తీస్తున్నారు. నెట్ సెంటర్‌లో చీకటి మూల, వెనక క్యాలెండర్, ఇవేవీ వద్దు. కళ్లజోడు తీసేసి, వెలుతురుకి ఎదురుగా కూర్చోండి.

• కేటగిరీ గడిలో ‘ఎస్టీ’ పడిందో లేదో సబ్మిట్ నొక్కేముందు ఇంకోసారి చూడండి. తర్వాత దిద్దుకోవాలంటే మొదటిసారికే 200 రూపాయలు, అందులో ఎస్టీలకూ మినహాయింపు లేదు.

• ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రమే అయితే చివరి రోజు దాకా ఆగొద్దు.

• సెంటర్ ఎంచుకునేటప్పుడు ముందురోజు రాత్రి ఎక్కడ ఉంటారో కూడా ఆలోచించుకోండి. భద్రాచలం వైపు వాళ్లకు హైదరాబాద్ కంటే వరంగల్ నయం.