ఎల్క్ హెయిర్ కాడిస్ ఎలా కట్టాలి? రెక్క తిరిగిపోకుండా!

ట్రౌట్ చేపల కోసం డ్రై ఫ్లై, అంటే పురుగులా కనిపిస్తూ నీటి మీద తేలే ఎర, కట్టడం నేర్చుకోవాలంటే ఎల్క్ హెయిర్ కాడిస్‌తోనే మొదలుపెట్టాలి. ఆడమ్స్ అనే మరో ఫ్లైతో మొదలుపెట్టమనేవాళ్లు ఉంటారు. ఆ జంట రెక్కలతో కుస్తీ పట్టి, విసిగిపోయి, హుక్‌ను బిగించి పట్టే వైస్‌ను అటకెక్కించినవాళ్లూ ఉంటారు. కాడిస్‌ను 1957లో పెన్సిల్వేనియాలో అల్ ట్రోత్ రూపొందించాడు. తర్వాత ఆయన మోంటానా వెళ్లి గైడుగా స్థిరపడ్డాడు. రాళ్ల మీద నురగలు కక్కుతూ పారే నీటిలో కూడా ఇది మునగదు. ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుక లోపల గాలి నిండిన అరలుంటాయి, అదే కిటుకు.

కావలసినవి: 14 నంబరు డ్రై ఫ్లై హుక్, 8/0 దారం, సన్నని బంగారు రంగు తీగ, డబ్బింగ్ (దారానికి పేని ఒళ్లు కట్టే కుందేలు బొచ్చు), గోధుమ రంగు హాకిల్, ఎల్క్ వెంట్రుకలు, వాటి కొసలు సమం చేసే గొట్టం స్టాకర్. హాకిల్ అంటే కోడిపుంజు మెడ ఈక. ఇప్పుడు దీనికోసమే ప్రత్యేకంగా పెంచిన కోళ్ల ఈకలు దొరుకుతున్నాయి కానీ, అంతకుముందు పాశ్చాత్య దేశాల్లో చాలామంది మన దేశం నుంచి వెళ్లిన పుంజు మెడ తోళ్లతోనే ఫ్లైలు కట్టారు.

ముందు హుక్ మొన దగ్గరి ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కేయండి. విరిగితే ఇప్పుడే విరగాలి, ఫ్లై అంతా కట్టాక కాదు. దారాన్ని వంపు దాకా చుట్టి, అక్కడ తీగ కట్టండి. డబ్బింగ్‌ను దారం మీద పలచగా పేని ముందుకు చుట్టుకుంటూ రండి. హుక్ కన్నుకు, అంటే దారం ఎక్కించే రంధ్రానికి, రెండు కన్నుల దూరంలో ఆపేయండి. ఆ చోటు రెక్కది, దాన్ని ఆక్రమించవద్దు. హాకిల్‌ను డబ్బింగ్ ముందు కొసన కట్టి, ఐదారు చుట్లలో వెనక్కి తీసుకెళ్లండి. దాని కొసను తీగతో బిగించి, అదే తీగను హాకిల్‌కు ఎదురు దిశలో చుడుతూ ముందుకు తెచ్చి కట్టేయండి. హాకిల్‌ను వెనక నుంచి ముందుకు చుట్టి తీగ మానేసేవాళ్ల ఫ్లై రెండో చేప పంటికే ఊడిపోతుంది. తీగ ఈక కాడను అడుగడుగునా పట్టి ఉంచితేనే మన్నిక.

ఇక రెక్క. చెడిపోయిన కాడిస్‌లన్నీ ఇక్కడే చెడతాయి.

మొదటి తప్పు, వెంట్రుకలు ఎక్కువ తీసుకోవడం. 14 నంబరుకు అగ్గిపుల్ల మందం చాలు. తోలుకు దగ్గరగా కత్తిరించి, మొదళ్ల దగ్గరి నూగును దువ్వెనతో పూర్తిగా తీసేయండి. నూగు మిగిలితే స్టాకర్‌లో వెంట్రుకలు జారవు, కొసలు కలవవు, కింద దారమూ సరిగా పట్టదు. స్టాకర్‌ను బల్ల మీద నాలుగుసార్లు గట్టిగా తట్టండి. ఆడ ఎల్క్ ఒంటి మీది వెంట్రుకలే తీసుకోండి. జింక వెంట్రుకలు మరీ విచ్చుకుంటాయి, చేయి తిరిగేదాకా వాటి జోలికి పోవద్దు.

కట్టను హుక్ మీద పెట్టి, కొసలు వంపును కాస్త దాటేలా కొలవండి. ఇప్పుడు ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో కట్టను హుక్‌తో సహా రెండు పక్కలా నొక్కి పట్టుకోండి. పైనుంచి ఊరికే ఆనించి పట్టుకోవడం కాదు. మొదటి రెండు చుట్లు వదులుగా, ఒకదానిపై ఒకటి పడాలి. మూడో చుట్టులో దారాన్ని నిదానంగా లాగుతూ బిగించండి. మొదళ్లు విచ్చుకుంటాయి. ఆ క్షణంలోనే అందరూ వేళ్లు వదిలేస్తారు. వదలకండి! వదిలారా, దారం వెంట్రుకలను తనతోపాటు లాక్కుపోయి హుక్ చుట్టూ తిప్పేస్తుంది. పైన ఉండాల్సిన రెక్క బొడ్డు కిందికి జారుతుంది. అలాంటి ఫ్లై నీటి మీద పక్కకు ఒరిగిపోతుంది.

వేళ్ల పట్టు అలాగే ఉంచి, అదే చోట మరో ఐదు చుట్లు బలంగా వేయండి. చుట్లు ముందుకూ వెనక్కీ పాకితే రెక్క నిలువునా లేచి పొదలా విప్పారుతుంది. కాడిస్ పురుగు రెక్కలు వీపు మీద ఇంటికప్పులా వాలి ఉంటాయి, మనకు కావలసింది ఆ వాలు. జారకుండా జిగురు చుక్క వేయమనే సలహా కూడా వింటుంటాం. జిగురు వెంట్రుకల్లోకి పాకి రెక్కను బిరుసుగా మారుస్తుంది. డబ్బింగ్ ఆపిన చోట వట్టి దారంతో ముందే నాలుగు చుట్లు వేసి ఉంచితే రెక్కకు కావలసినంత పట్టు దొరుకుతుంది.

వేళ్లు తీశాక రెక్కను అటూ ఇటూ మెల్లగా నెట్టి చూడండి. కదిలితే దారం విప్పి మళ్లీ కట్టండి, పైనుంచి ఇంకా చుట్లు వేస్తే తల లావెక్కడం తప్ప ప్రయోజనం లేదు. కదలకపోతే మొదళ్లను పైకెత్తి, వాటి కింద, కన్ను వెనక విప్ ఫినిష్ (దారాన్ని ముగించే ముడి) వేయండి. మొదళ్లను కన్నుకు సమంగా ఒకే కోతతో కత్తిరించండి. పొట్టిగా మిగిలిన ఆ కుచ్చే తల. కన్నులో వెంట్రుక ఇరుక్కుందేమో సూదితో పొడిచి చూడండి, లేకపోతే ఏటి ఒడ్డున చీకటి పడే వేళ టిప్పెట్ (గాలపు తాడు చివరి సన్నని దారం) ఎక్కించలేక అవస్థ పడేది మీరే.