క్రోమ్ చక్రాల సంరక్షణ – 3వ పాఠం: పాత పెయింట్ ఊడదీయడం

కిందటి పాఠంలో అయస్కాంతం పెట్టి మీ చక్రం ఇనుపదో అల్లాయ్‌దో (అంటే అల్యూమినియం మిశ్రమానిదో) తేల్చుకున్నారు. లోపలి వైపు ఎవరికీ కనపడని చోట పెయింట్ కొంచెం గీకి కూడా చూశారు. గీకిన చోట మొహం కనపడేలా మెరిసే పొర బయటపడితేనే ఈ పాఠం మీకు పనికొస్తుంది. బూడిద రంగు ప్రైమరు, దాని కింద మెరుపు లేని లోహం కనిపిస్తే మీది క్రోమ్ కాదు. ఆ చక్రానికి ఈ పద్ధతి వాడకండి.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. క్రోమ్ లాంటి ఖరీదైన మెరుపు మీద ఎవరైనా సిల్వర్ పెయింట్ ఎందుకు కొడతారు? చాలాసార్లు మచ్చలు దాచడానికే. నెల్లూరులోనో ఒంగోలులోనో సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు రిమ్ములకు కొత్తగా స్ప్రే డబ్బా కొట్టి ఉందంటే, కింద తుప్పు చుక్కలు ఉండొచ్చని ముందే అనుకోవాలి. పెయింట్ పోగానే కొత్త చక్రం బయటపడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో ఆధారం కూడా ఉంది. నున్నటి క్రోమ్ మీద పెయింట్ సరిగ్గా పట్టదు. వేలిగోటితో గీకితే పొరలు పొరలుగా లేచి వస్తోందంటే మంచి కబురే, కింద క్రోమ్‌ను ఎవరూ గరుకు చెయ్యలేదన్నమాట. పట్టుకుని వదలడం లేదంటే, పెయింట్ నిలవడానికి ముందు వాటర్ పేపర్‌తో రుద్ది ఉండొచ్చు. ఆ గీతలు పెయింట్ తీశాక కూడా ఉంటాయి. ఇంట్లో వాటిని పోగొట్టే దారి లేదు.

దీనికి కారణం క్రోమ్ పొర మందమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, అలంకారానికి వేసే క్రోమ్ సాధారణంగా అర మైక్రాను దాటదు. దాని కింద నికెల్ పొర అంతకు చాలా రెట్లు మందంగా ఉంటుంది, ఆ కింద ఇనుమో అల్యూమినియమో. క్రోమియం తుప్పు పట్టదు. కానీ ఆ పలచటి పొరలో కంటికి కనపడని పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి. ఉప్పు తేమ వాటిలోంచి దిగి నికెల్‌ను, తర్వాత అడుగు లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, రొయ్యల గుంటల మధ్య రోడ్ల మీద తిరిగే బళ్లకు ఈ బెడద ఎక్కువ. చక్రం మీద కనిపించే ఎర్ర చుక్క కింది ఇనుముది, క్రోముది కాదు. అల్లాయ్ అయితే ఎరుపుకు బదులు పొక్కులు లేస్తాయి, వాటి కింద తెల్లటి పొడి ఉంటుంది.

అందుకే ఏం వాడకూడదో గట్టిగా చెప్తున్నాను. షెడ్డులో ఎవరో ఒకరు అంటారు: "యాసిడ్ పొయ్యన్నా, నిమిషంలో తెల్లగా అయిపోద్ది." పొయ్యొద్దు. బాత్‌రూమ్ యాసిడ్‌లోనూ, చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపుల్లో పాత క్రోమ్‌ను కరిగించి తీసేయడానికి వాడే ఆమ్లాల్లో అదొకటి. కాస్టిక్ సోడా కూడా వద్దు, అల్లాయ్ అయితే అడుగు లోహాన్నే తినేస్తుంది. వైరు బ్రష్షు, వాటర్ పేపరు, డ్రిల్లుకు తగిలించే బఫ్ ముక్కలు కూడా ఈ పనిలోకి రానివ్వకండి.

చక్రం విప్పి చేస్తేనే పని బాగా కుదురుతుంది. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తండి. ఒక్కో చక్రం పూర్తి చేసి బిగించాకే రెండోది విప్పండి. ప్లాస్టిక్ సెంటర్ క్యాప్ ఉంటే ముందే ఊడదీసి దూరంగా పెట్టండి. థిన్నరు, ఎసిటోన్ తగిలితే అది మెత్తబడి పాడైపోతుంది. షాంపూ నీళ్లతో మట్టి, బ్రేకు పొడి అంతా కడగండి. తారు మరకలుంటే గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది తుడవండి. ఆరాక టైరు అంచు మీద మాస్కింగ్ టేపు వేసి, మిగతా రబ్బరును పాలిథీన్ కవరుతో కప్పేయండి.

మొదట ఎన్‌సీ థిన్నర్‌తో (పెయింట్‌ను పలచన చేయడానికి కలిపే ద్రావకం) ప్రయత్నించండి. తెల్ల గుడ్డ ముక్కను థిన్నర్‌లో తడిపి అరచేతి వెడల్పు చోట పెట్టి, కాసేపు కదపకుండా ఉంచండి. తీసి చూస్తే గుడ్డకు సిల్వర్ రంగు అంటిందంటే అది మామూలు స్ప్రే పెయింటే. అలా తడిపి ఉంచుతూ, తుడుస్తూ పోతే చక్రమంతా వచ్చేస్తుంది. గుడ్డ మాత్రం మారుస్తూ ఉండాలి, లేకపోతే కరిగిన రంగునే మళ్లీ పులుముతారు. గుడ్డకు ఏమీ అంటకపోతే అది షెడ్డులో హార్డెనర్ (పెయింట్‌ను గట్టిపరిచే రసాయనం) కలిపి కొట్టిన పెయింట్ అయి ఉంటుంది. దానికి పెయింట్ రిమూవర్ కావాలి.

రిమూవర్ కొనేటప్పుడు డబ్బా మీద ఏం రాశారో చదవండి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్నవి చాలా వేగంగా పనిచేస్తాయి, కానీ ఆ ఆవిరి గాలికంటే బరువు. కింద కూర్చుని పనిచేసేవాళ్ల ముక్కు దగ్గరే పేరుకుంటుంది. పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో ఇలాంటి రిమూవర్లను మామూలు జనానికి అమ్మడమే ఆపించారు. అది లేని రకం దొరికితే అదే తీసుకోండి, నెమ్మదిగా పనిచేసినా నష్టం లేదు. ఏ రకమైనా తలుపులేసిన కారు షెడ్డులో వాడొద్దు. ఆరుబయట చెట్టు నీడన, గాలికి వీపు పెట్టి చెయ్యండి. కళ్లద్దాలు, మందపాటి గ్లోవ్స్ తప్పనిసరి. గ్లోవ్ లోపల చల్లగా అనిపిస్తే వెంటనే తీసి చెయ్యి కడుక్కోండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు.

పాత బ్రష్షుతో రిమూవర్‌ను మందంగా, ఒకే దిక్కుకు పూయండి. పెయింట్ వేసినట్టు వెనక్కీ ముందుకీ రుద్దితే ఆవిరైపోతుంది. మన ఎండలకు అది పని చెయ్యకముందే ఆరిపోతుంది కాబట్టి పూసిన వెంటనే పైన పాలిథీన్ కప్పాలి. డబ్బా మీద రాసిన సమయం దాకా ఆగండి. కవరు కిందే తెలుస్తుంది: పెయింట్ మొదట మెరుపు పోయి మసకబారుతుంది, తర్వాత ముడతలు పడి అంచుల దగ్గర లేస్తుంది. అప్పుడు ఐస్‌క్రీం పుల్లతోనో పాత ఏటీఎం కార్డుతోనో నెట్టేయండి. బలం పెట్టాల్సి వస్తోందంటే అది ఇంకా నానలేదు, మళ్లీ పూయండి. ఈ పనిలో తొందరపడ్డవాళ్లే స్క్రూడ్రైవర్ అందుకుంటారు, దాంతో పడ్డ గీత ఆ చక్రం ఉన్నంత కాలం ఉంటుంది.

నట్లు కూర్చునే గుంటల్లో, వాల్వు చుట్టూ, స్పోకుల మూలల్లో పాత టూత్ బ్రష్షు పెట్టి తియ్యండి. నట్టు గుంటల్లో పెయింట్ మిగిలితే అది నలిగి నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది, అక్కడ మాత్రం రాజీ పడొద్దు. ఊడిన పెయింట్‌ను పాత పేపర్ల మీద వేసి బయట ఆరనివ్వండి. కాలువలోకి, రొయ్యల గుంటల వైపు వదలకండి.

చివరిగా షాంపూ నీళ్లతో రెండుసార్లు కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊరైతే ఆఖరి కడుగుడుకు ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లు వాడండి. లేకపోతే తెల్ల చుక్కలు మిగులుతాయి. వెంటనే మెత్తటి గుడ్డతో ఆరబెట్టి, పగటి వెలుతురులో చూడండి.

నీలి ఛాయతో మెరిస్తే క్రోమ్ బాగుంది. కొన్నిచోట్ల లేత పసుపు కనిపిస్తే అక్కడ క్రోమ్ పోయి నికెల్ బయటపడింది. గోధుమ రంగు చుక్కలుంటే అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో తడిపి ఉండ చేసి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్‌కంటే మెత్తన, తుప్పును తీస్తుంది. పొక్కులు లేచి రేకులుగా ఊడుతుంటే మాత్రం రుద్దడం ఆపేయండి. ఆ అంచులు బ్లేడులా కోస్తాయి. టైరు కూర్చునే చోట దాకా ఊడితే గాలి కూడా నిలవదు. అలాంటి చక్రం టైరు షాపులో చూపించాల్సిందే.

బాగున్న చక్రానికి అదే రోజు కార్ వ్యాక్స్ పలచగా పట్టించండి, లోపలి వైపు కూడా. కొబ్బరి నూనె రాయొద్దు, దుమ్మంతా దానికే పడుతుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు తిరిగే బండయితే ఎప్పుడూ పొడి గుడ్డతో తుడవకండి, ముందు నీళ్లు కొట్టి రాతి పొడిని వదిలించాలి. బీచికి వెళ్లొచ్చిన రోజే మంచినీళ్లతో కడగాలి, తెల్లారేదాకా ఆగొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో నెలకోసారైనా వ్యాక్స్ పడాలి.

చక్రం బిగించేటప్పుడు నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి. ఈ వారం ఒక్క చక్రం మాత్రమే చెయ్యండి, ఎక్కడెక్కడ చుక్కలు తేలాయో చాక్‌పీసుతో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. నాలుగో పాఠంలో ఆ ఫోటో పక్కన పెట్టుకుని, ఏ మచ్చను ఇంట్లో ఆపొచ్చో, ఏ చక్రాన్ని మళ్లీ ప్లేటింగ్‌కు ఇవ్వాలో చూద్దాం.