ఊపిరితిత్తి గడ్డకు సూది పరీక్ష: ‘క్యాన్సర్ కనబడలేదు’ అని వస్తే ఊరుకోకండి

తెలిసినవాళ్లలో ఒకాయనకు ఊపిరితిత్తిలో గడ్డ కనబడితే సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో ముక్క తీశారు. ‘క్యాన్సర్ కణాలు కనబడలేదు, వాపు ఉంది’ అని రిపోర్టు. టీబీ అయ్యుంటుందని ఆరు నెలలు మందులు వాడారు. మొన్న స్కాన్ తీస్తే గడ్డ పెరిగింది. రెండోసారి తీసిన ముక్కలో క్యాన్సర్ తేలింది. నేను చూసినంతలో కుటుంబాలను ముంచే పొరపాటు ఇదే.

సూదికి క్యాన్సర్ దొరికితే ఆ మాట దాదాపు ఖాయం. దొరకలేదంటే లేదని కాదు. వచ్చేది అగ్గిపుల్ల కంటే సన్నటి ముక్క. ఊపిరితో పాటు గడ్డ కదులుతుంది. చిన్నదైతే సూది పక్కకు పోవచ్చు, పెద్దదైతే మధ్యలో కుళ్లిన భాగమే రావచ్చు. టీబీ క్రిమి దొరికిందనో, ఫలానా మామూలు గడ్డ అనో పేరు పెట్టి చెప్పిన రిపోర్టు వేరు. ఉత్త ‘వాపు’, ‘శాంపిల్ చాలలేదు’ అన్నది వేరు. ఇలాంటిది వస్తే డాక్టరును అడగండి: స్కాన్‌కూ దీనికీ పొంతన కుదురుతోందా? మళ్లీ ముక్క తీయాలా?

పరీక్షకు ముందు

రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. సొంతంగా మానొద్దు, స్టెంట్ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. టీబీ అనుమానం ఉంటే కొంత ముక్కను సెలైన్‌లో విడిగా పంపుతారా అని ముందే అడగండి. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పడ్డాక కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పనికిరాదు.

పరీక్ష తర్వాత

నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, నూటికి ఐదారుగురికి గొట్టం వేయాల్సి వస్తుంది. పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే కొన్ని గంటలు ఉంచి ఎక్స్‌రే తీస్తారు. అది చూడకుండా ఇంటికి బయల్దేరొద్దు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి:

- సూది లోపల ఉండగా దగ్గొద్దు, మాట్లాడొద్దు.
- గుచ్చిన వైపు కిందికి ఉండేలా పడుకోమంటే అలాగే పడుకోండి.
- ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. బరువులెత్తొద్దు.
- డాక్టరు సరే అనేదాకా విమానం ఎక్కొద్దు.
- కఫంలో కాస్త రక్తపు చార ఆ రోజు మామూలే. ఆగకుండా పడినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి పెరిగినా వెంటనే 108.
- ‘సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అని వాయిదా వేయొద్దు. అలా జరగడం చాలా అరుదు.
- క్యాన్సర్ కనబడలేదన్నారా? తర్వాతి స్కాన్ తేదీ రాయించుకోనిదే గది దాటొద్దు.
- టీబీ మందులు వాడుతున్నా గడ్డ పెరుగుతుంటే ‘కోర్సు అయ్యాక చూద్దాం’ అనొద్దు. కనబడలేదంటే లేదని కాదు!
- ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. స్కాన్ సీడీ, ముక్కను ఉంచిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి.