లాడ్జి ముందు ఎలక్ట్రిక్ బండ్లకు 3.3 కిలోవాట్ల చార్జింగ్ పాయింట్ పెట్టాలంటే

ఫాస్ట్ చార్జర్ జోలికి పోకండి, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చుకే నడుం విరుగుతుంది. వైరింగ్ పనివాడిగా చెబుతున్నా, మామూలు ఇంటి కరెంటుతో (ఏసీ) నెమ్మదిగా చార్జ్ చేసే 3.3 కిలోవాట్ల పాయింటుతో మొదలుపెట్టండి. చార్జింగ్ స్టేషన్‌కు కరెంటు అమ్మే లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే తేల్చేసింది. డిస్కమ్‌లో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కేటగిరీ మీటరు విడిగా అడగండి.

ఇక లెక్క. గంటకు గరిష్ఠంగా 3.3 యూనిట్లు. యూనిట్‌కు మూడు రూపాయలు మిగిలినా చేతికొచ్చేది పదే! స్కూటరైతే ఇంకా తక్కువ, చాలావాటి చార్జర్లు కిలోవాట్ కూడా లాగవు. అందుకే బండి రాత్రంతా ఆగే చోటే ఇది గిట్టుబాటు: లాడ్జి, అపార్ట్‌మెంటు, ఆటోస్టాండు పక్క ఖాళీ స్థలం. ఆటోవాళ్లతో నెలవారీగా మాట్లాడుకోండి.

4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు... వీటిలో మాత్రం పిసినారితనం వద్దు. వానలో తడిచేత్తో ప్లగ్గు పెట్టేవాళ్లుంటారు.